రెండుసార్లు టక్ అనాలి

ఫిబ్రవరి 3, 2008. ఆదివారం

ఫ్యాక్టరీ గేటు దగ్గర బోర్డు పెట్టారు. రేపటి నుంచి హెల్మెట్ లేనివాడి బండి లోపలికి రాదట. సేదరపేట్‌లో మేం చేసేది ప్లాస్టిక్ బక్కెట్లు. ఒక బక్కెట్ నెత్తిన బోర్లించుకుని వస్తే చాలదా అని సూపర్‌వైజర్‌ని అడిగాను. నవ్వలేదు. నవ్వితే ఇంక్రిమెంట్ పోతుందని వాడి భయం.

సాయంత్రం రెడ్డియార్‌పాళయంలో గుణశేఖర్ షాపుకు పోయాను. కన్వర్టబుల్ అని ఒకటి తీసి చూపించాడు. మూస్తే ముఖమంతా కప్పేస్తుంది. గడ్డం కింద ఎర్ర బటన్ నొక్కితే ముందు భాగమంతా, అద్దంతో సహా, నెత్తి మీదికి లేస్తుంది. తల నుంచి తీయకుండా టీ తాగొచ్చు, ఉమ్మొచ్చు, ఎదుటివాణ్ని తిట్టొచ్చు. నలభై ఎనిమిదేళ్లకు నాకొక బొమ్మ దొరికింది.

గుణశేఖర్ పాఠం కూడా చెప్పాడు. లోపల రెండు పక్కలా కొక్కేలు ఉన్నాయన్నా, మూసేటప్పుడు టక్ టక్ అని రెండుసార్లు వినపడాలి, ఒకటే వినపడితే బండి తీయొద్దు, నా దగ్గరికి తీసుకురా, నువ్వు మాత్రం చెయ్యి పెట్టొద్దు అని. తాళి కట్టేటప్పుడు కూడా నాకు ఎవరూ ఇన్ని జాగ్రత్తలు చెప్పలేదప్పా అన్నాను. పడీ పడీ నవ్వాడు. నవ్వేవాడి దగ్గర బేరం ఆడితే పాపం. ఆడలేదు.

ఈ నోట్‌బుక్ తెలుగులో రాసేదెందుకంటే, యానాంలో గోడౌన్ పని చేసిన నాలుగేళ్లలో ఈ అక్షరాలు నేర్చుకున్నాను. మా ఇంట్లో తరాల నుంచీ తెలుగే మాట్లాడతారు, చదవడం మాత్రం ఎవరికీ రాదు. మా ఆవిడ తిలకవతి చేతికి చిక్కినా ఆమెకు వరసగా జిలేబీలు కనిపిస్తాయి, అంతే.

ఫిబ్రవరి 5

హెల్మెట్ మూస్తే నేను ఎవరికీ తెలియను. ఇన్నాళ్లూ కోసపాళయంలో నా ముఖం కనపడగానే జనం జేబులు తడుముకునేవాళ్లు, ఇవాళ ఏం చేస్తాడో అని. ఇప్పుడు ముఖమే లేదు.

మొదటి బోణీ మా బావమరిది విజయరంగన్. తిలకవతికి ఒక్కడే తమ్ముడు. మైక్ ఆటో నడుపుతాడు. చీరల డిస్కౌంట్, గుడి ఉత్సవం, తప్పిపోయిన ఆవు, పోయిన మనిషి, అన్నీ వాడి గొంతులోంచే ఊరికి తెలియాలి. అరవంలో వాడు ఎవరి చావైనా చదివితే, పోయినవాణ్ని తెలియనివాళ్లు కూడా అయ్యో అనుకుంటారు. అంత గొంతు.

మా ఇంటి ముందుకు రాగానే మాత్రం అనౌన్స్‌మెంట్ మధ్యలో ఆపి, మైకులోనే తెలుగులో ఒకటి తగిలిస్తాడు. మొన్న, ఇది మా బావ పద్మనాభన్ ఇల్లు, లోపల కుక్క లేదు, అయినా చూసి పోండి అన్నాడు. పదేళ్లుగా ఇదే వరస. వీధిలో తెలుగు తెలిసిన నాలుగిళ్లవాళ్లు ఆ ఒక్క ముక్క కోసం గుమ్మంలోకి వస్తారు.

ఇవాళ ఆటో పక్కన బండి ఆపి, హెల్మెట్ మూసుకుని, గొంతు మార్చి, మైకుకు పర్మిట్ ఉందా అని గద్దించాను. సార్ సార్ అంటూ దిగాడు, కాగితాల కోసం సీటు కింద తల దూర్చాడు. బటన్ నొక్కాను. నా ముఖం చూసి పది నిమిషాలు తిట్టాడు. మైక్ ఆఫ్ చేయడం మరిచిపోయాడు.

ఫిబ్రవరి 9

బటన్‌తో ఒక చిక్కు ఉంది. బొటనవేలు గడ్డం దాకా తీసుకుపోతే ఎదుటివాడికి అర్థమైపోతుంది. రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉండాలి, ముఖం దానంతట అదే తెరుచుకోవాలి. అప్పుడు కదా మజా.

టూల్ రూమ్ స్టోర్ నా చేతిలోనే ఉంది. భోజనం టైమ్‌లో సన్నటి ఆకురాయి తీసుకుని రెండు కొక్కేల కొనలూ రాశాను. కొంచెం రాయడం, మూయడం, తల ఆడించి చూడడం. మళ్లీ రాయడం. పదిహేనోసారికి కుదిరింది. తల ఒక్కసారి ఎగరేస్తే చాలు, మొసలి నోరు తెరిచినట్టు ముందు భాగం లేస్తుంది. లోపల నేను, నాలుక బయటపెట్టుకుని.

మూసినప్పుడు ఇప్పుడు టక్ టక్ అనదు. టప్ అంటుంది, తడిగుడ్డ నేల మీద పడ్డట్టు.

ఫిబ్రవరి 12

ఇవాళ్టి స్కోరు: స్కూల్ వ్యాన్‌లో ఆరుగురు, కానిస్టేబుల్ ఒకడు, ఆవు ఒకటి. ఆవు నవ్వలేదు.

ఫిబ్రవరి 16

రంగప్పిళ్లై వీధిలో స్పీడ్ బ్రేకర్ మీద అదే తెరుచుకుంది. నేను తల ఎగరేయలేదు. గాలికి వెనక్కి లాగింది, మెడ పట్టేసింది. నేను మెల్లగా పోయే మనిషిని కాబట్టి సరిపోయింది.

కొక్కేలు ఒక రెండుసార్లు తక్కువ రాసి ఉండాల్సింది.

ఫిబ్రవరి 19. సాయంత్రం 6

విజయరంగన్ పడ్డాడు.

పొద్దున వచ్చాడు. ఆటో మెకానిక్ దగ్గర ఉందట. మాసి మగం పండగకు ఇంకా రెండు రోజులే, విల్లియనూర్ పోయి ఉత్సవం నోటీసు తెచ్చుకోవాలి, బండియ్యి బావా అన్నాడు. నాకు సెకండ్ షిఫ్ట్, ఇచ్చాను. హెల్మెట్ నాకెందుకు అన్నాడు. నీ తల పగిలితే లోపల ఏమీ లేదని ఊరికి తెలిసిపోతుందిరా అని నేనే వాడి నెత్తిన పెట్టాను. నేనే పట్టీ బిగించాను. నేనే ముందు భాగం కిందికి లాగి మూశాను.

పదకొండుకు ఫోన్. రెడ్డియార్‌పాళయం దాటి, ఇసుక పరుచుకున్న చోట. దవడ రెండు చోట్ల విరిగింది. మిగతా ఒళ్లంతా బాగుంది, తల కూడా. దవడే.

చెప్పడం మరిచిపోయాను. కొక్కెం సంగతి వాడికి చెప్పడం మరిచిపోయాను.

ఫిబ్రవరి 20

ఆపరేషన్ చేశారు. పై పళ్లూ కింది పళ్లూ తీగలతో కలిపి కట్టేశారు. ఆరు వారాలు నోరు తెరవకూడదు. స్ట్రాతో పల్చటి కంజి తాగాలి. దిండు పక్కన చిన్న కటింగ్ ప్లేయర్ పెట్టారు. వాంతి వస్తే, ఊపిరి ఆడకపోతే, ఆ తీగలు వెంటనే కత్తిరించాలట. ఎలా కత్తిరించాలో నర్సు వాడి భార్య భువనేశ్వరికి నేర్పించింది.

నేను లోపలికి పోగానే విజయరంగన్ కళ్లు నవ్వాయి. తర్వాత భుజాలు. తర్వాత పెదవి సందులోంచి రక్తం. భువనేశ్వరి పరుగున వచ్చి నన్ను బయటికి నెట్టేసింది. నవ్వించొద్దని డాక్టర్ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినాడన్నా, నీ ముఖం చూస్తే చాలు ఆయన నవ్వుతాడు, దండం పెడతా, ఈ ఆరు వారాలు రావద్దు అంది.

నేను ఒక్క మాట కూడా అనలేదు. నా ముఖం అలాంటిది.

ఫిబ్రవరి 21

మాసి మగం. గుళ్లలోని సాములన్నీ తీర్థమాడడానికి వైత్తికుప్పం సముద్రానికి పోయాయి. మైకులో ఎవడో కడలూరు కుర్రాడు. గొంతు తగరం డబ్బాలో రాళ్లు వేసినట్టుంది. తిలకవతి లేచి కిటికీ మూసింది.

ఫిబ్రవరి 22

మొన్న రాసింది అబద్ధం. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాసే రకం నేను.

మరిచిపోలేదు. పట్టీ బిగించేటప్పుడు గుర్తుంది. టప్ అన్న చప్పుడు నా చెవిన పడింది. చెబుదామని నోరు తెరిచాను కూడా. అప్పుడే నా కళ్ల ముందు ఒక బొమ్మ కదిలింది. విల్లియనూర్ గుడి ముందు వాడు బండి ఆపుతాడు, ధర్మకర్తకు వంగి దండం పెడతాడు, మొసలి నోరు తెరుచుకుంటుంది, ధర్మకర్త ఎగిరి వెనక్కి పడతాడు. సాయంత్రం వాడు మైకులో నన్ను ఎలా తిడతాడో కూడా వినిపించింది.

అందుకని నోరు మూసుకున్నాను. ఒక నవ్వు కోసం.

ఫిబ్రవరి 25

భువనేశ్వరి అన్న ఆదికేశవన్ వచ్చాడు. వకీలు దగ్గర గుమాస్తా, మాట్లాడితే సెక్షన్ నంబర్లు రాలతాయి. స్పాట్ దగ్గర కొబ్బరిబోండాలు అమ్మే అతణ్ని పట్టుకుని అడిగాడట. హెల్మెట్ దానంతట అదే తెరుచుకుంది, అద్దం గాలికి పైకి లేచింది, దాన్ని దించడానికి ఆయన చెయ్యి తీశాడు, అంతలో చక్రం ఇసుక ఎక్కింది, గడ్డానికి అడ్డం ఉండే ముక్క పైకి లేచిపోయింది కాబట్టి దవడ రాయికి తగిలింది, అని ఆ అతను చెప్పాడట.

అయితే మాల్ డిఫెక్ట్, సరుకులోనే లోపం, షాపువాణ్ని వదిలేది లేదు అన్నాడు ఆదికేశవన్. హెల్మెట్ సంచిలో వేసి సీల్ చేసి భువనేశ్వరి ఇంటికి తీసుకుపోయాడు. అన్నా, కొన్నది నువ్వే కదా, బిల్లు యాడుండాది అని అడిగాడు.

ఇచ్చాను.

ఫిబ్రవరి 27

ఆదికేశవన్ నలుగురిని వెంటేసుకుని గుణశేఖర్ షాపుకు పోయాడు. షోకేస్ అద్దం పగిలింది. హెల్మెట్లన్నీ రోడ్డు మీద దొర్లాయట, గుమ్మడికాయల్లాగా. మనుషుల్ని చంపే కొట్టు అని పక్క షాపుల వాళ్లు కూడా అంటున్నారట. తిలకవతి ఇదంతా చెబుతూ, మంచి పని అయింది, మా తమ్ముడి నోరు కొట్టినవాడు బాగుపడతాడా అని మెటికలు విరిచింది.

అన్నం తినలేకపోయాను. ఏందయ్యా, కూరలో ఉప్పు తక్కువా అంది. ఎక్కువ అన్నాను.

మార్చి 2. ఆదివారం, మధ్యాహ్నం

గుణశేఖర్ ఇంటికి వచ్చాడు. చెప్పులు బయటే విప్పి, కూర్చోమన్నా కూర్చోలేదు. నాలుగు రోజుల్లో సగం అయ్యాడు. అన్నా, నేను ఇచ్చినప్పుడు రెండు చప్పుళ్లు వచ్చినాయా లేదా, నీ చేతనే మూడుసార్లు మూయించి చూపించినానా లేదా, అది ఒక్కటి ఆదికేశవన్‌తో చెప్పన్నా, నాకింకేమీ వద్దు, షట్టర్ తీయనీయడం లేదు అన్నాడు.

తిలకవతి వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది.

నేనేమన్నానో రాస్తాను. రాయాలి. చప్పుళ్లు లెక్కపెట్టడానికి నేనేమన్నా గోడ గడియారాన్నా గుణశేఖరా అన్నాను.

అతను నవ్వలేదు. ఆ రోజు తాళి మాటకు పడీ పడీ నవ్విన మనిషి. చెప్పులు వేసుకునేటప్పుడు ఎడమది కుడికాలికి వేసుకుని, మళ్లీ మార్చుకున్నాడు.

మార్చి 3

చెప్పాలి.

మార్చి 4

రేపు చెబుతాను.

మార్చి 7

చెప్పాను. తిలకవతితో, ఆదికేశవన్‌తో, మా వెనకింటి రంగమ్మాళ్ కూడా ఉంది. కొక్కేలు ఆకురాయితో రాసింది నేనేనని చెప్పాను. చెబుతూ ఏడ్చాను. నిజం ఏడుపే.

రంగమ్మాళ్ మొదట నవ్వింది. నవ్వదా మరి. నాలుగేళ్ల కిందట ఆమె మేక కనపడకపోతే నేను ఇలాగే కాళ్ల మీద పడి, నేనే కోసుకుని తినేశాను అత్తా, క్షమించు అని ఏడ్చాను. ఆమె నిజమనుకుని శాపాలు పెట్టి, అన్నం మానేసి పడుకున్నాక మా దొడ్లోంచి మేకను తోలుకొచ్చాను. అప్పుడు వీధంతా నవ్వింది. అప్పుడూ ఇవే కన్నీళ్లు.

ఆదికేశవన్ నవ్వలేదు. నా తంగచ్చి భువనేశ్వరి మొగుడు గొట్టంతో కంజి తాగతా ఉంటే నీకు ఆట ఎట్లా వస్తాదయ్యా, షాపువాడు ఎంత ఇచ్చినాడు నీకు అన్నాడు. తిలకవతి నా వైపు చూసింది, మేక కోసం దొడ్డి వైపు చూసినట్టు.

సీల్ తీసి కొక్కేలు చూడు అన్నాను. సాక్ష్యాన్ని ముట్టుకోకూడదు, అది చట్టం అన్నాడు.

మార్చి 8

నన్ను నమ్మడానికి ఈ ఊళ్లో ఒక్కడే ఉన్నాడు. వాణ్ని నవ్వించకుండా చెప్పాలి.

మార్చి 12

విజయరంగన్‌ని నిన్న డిశ్చార్జ్ చేశారు. ఆదికేశవన్ కోర్టులో ఉండే టైమ్ చూసుకుని ఇవాళ పదకొండుకు వాడి ఇంటికి పోయాను. ముందు గుణశేఖర్ ఇంటి దగ్గర ఆగి, అదే మోడల్ కొత్తది ఒకటి అడిగాను. ఎందుకు అని అడగలేదు. అటకెక్కి తెచ్చి ఇచ్చాడు. మీరు ఏం చేసినా ఇక కొత్తగా పోయేదేముందిలే అన్నాడు. ఇన్నాళ్లూ నన్ను నువ్వు అనేవాడు.

భువనేశ్వరి గుమ్మానికి అడ్డం నిలబడింది. నవ్వించను తల్లీ, ఇవాళ నవ్వించేది ఏమీ లేదు అన్నాను. నా గొంతు ఎలా ఉందో ఏమో, పక్కకు జరిగింది. పాత హెల్మెట్ సంచి యాడుంది, తెచ్చివ్వు, కేసు నేను చూసుకుంటా అన్నాను. బీరువా మీద నుంచి దించింది. తీగలు కత్తిరించే ప్లేయర్ చేతిలో పట్టుకుని తలుపు దగ్గర కూర్చుంది.

విజయరంగన్ నన్ను చూడగానే కళ్లు మెరిశాయి. భుజాలు కదలడం మొదలుపెట్టాయి. నేను మాట్లాడలేదు. మాట్లాడితే అది ఏదో వేషం అనుకుంటాడు. కొత్త హెల్మెట్ వాడి ఒళ్లో పెట్టి మూశాను. టక్ టక్. తర్వాత సీల్ చింపి పాతది పెట్టి మూశాను. టప్.

వాడు చెవితో బతికే మనిషి. ఏ స్పీకర్‌లో ఏ వైరు లూజో వీధి అవతలి నుంచి చెబుతాడు. భుజాలు ఆగిపోయాయి. కొత్తది తెరిచి తనే మూశాడు. టక్ టక్. పాతది. టప్. మళ్లీ. మళ్లీ. పాతది తిరగేసి కొక్కెం మీద గోరు పెట్టి రాశాడు. ఆకురాయి గీతలు గోరుకు తగులుతాయి. నేను జేబులోంచి ఆకురాయి తీసి పక్కన పెట్టాను.

భువనేశ్వరి కొనిపెట్టిన పలక ఒకటుంది. దాని మీద అరవం అక్షరాల్లో మన మాటే రాశాడు. తెలిసే పెట్టినావా.

మరిచిపోయాను అని అనొచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. అవును అన్నాను. నీకు చెబితే నవ్వు పోతుందని చెప్పలేదు అన్నాను.

తలుపు దగ్గర ప్లేయర్ కింద పడింది. భువనేశ్వరి ఏమైనా అనుంటే బాగుండేది.

వాడు పలక తుడిచాడు. ఇంకో మాట రాశాడు. మైకు.

మార్చి 16. ఆదివారం

మైకులో మాట్లాడాను. వాడి ఆటోలో, వెనక సీటులో. పక్కన వాడు, తల చుట్టూ గుడ్డ కట్టుకుని. నడిపింది ఆదికేశవన్, భువనేశ్వరి నోట విన్నాక నమ్మాడు. దారంతా నాతో ఒక్క మాట లేదు. కంప్లైంట్ కాగితం నాలుగు ముక్కలు చేసి డాష్‌బోర్డులో పడేశాడు, అదే మాట.

కోసపాళయంలో మొదలుపెట్టాము. అరవంలో చెప్పాను. నేను పద్మనాభన్‌ని, విజయరంగన్ పడింది షాపు తప్పు వల్ల కాదు, హెల్మెట్ కొక్కేలు తమాషా కోసం అరగదీసింది నేను, తెలిసి కూడా చెప్పకుండా వాడి తలకు పెట్టింది నేను, గుణశేఖర్ ఇచ్చిన సరుకులో ఏ లోపమూ లేదు.

మొదటి వీధిలో విరగబడి నవ్వారు. పద్మనాభన్ అన్న మైకు ఎక్కేసినాడ్రోయ్ అని ఒకడు ఈల వేశాడు. ఇంకోసారి, ఇంకోసారి అన్నారు. నేను చెప్పిందే చెప్పాను. నవ్వినవాళ్లు ఒక్కొక్కరు పక్క సీటులో ఉన్నవాణ్ని చూశారు. వాడు నవ్వడం లేదు. నా ప్రతి మాటకీ ముందే నవ్వే మనిషి ముందుకు చూస్తూ కూర్చున్నాడు. మూడో వీధికొచ్చేసరికి ఎవరూ నవ్వలేదు.

మా వీధిలో తిలకవతి గుమ్మంలోనే నిలబడి ఉంది. మొత్తం విని, లోపలికి పోయింది.

రెడ్డియార్‌పాళయంలో గుణశేఖర్ షాపు ముందు మూడుసార్లు చదివించాడు విజయరంగన్. వేలు ఎత్తి చూపించాడు, ఇంకోసారి అని. షట్టర్ మోకాలెత్తు లేచి ఉంది. లోపల అతని కాళ్లు కనిపిస్తున్నాయి. ఎడమ చెప్పు ఎడమకాలికే ఉంది. మూడోసారి అయ్యాక షట్టర్ పూర్తిగా లేచింది. అతను చీపురు తీసుకుని గడప ముందు ఊడవడం మొదలుపెట్టాడు.

మార్చి 18

అటక మీద నుంచి తెచ్చి ఇచ్చిన కొత్తది ఆ రోజే తిరిగి ఇచ్చేశాను, ఫ్యాక్టరీకి హెల్మెట్ కావాలి. గుణశేఖర్ దగ్గరికే పోయాను. కొత్త షోకేస్ అద్దం నేను పెట్టిస్తానన్నాను. అద్దం వేయించేసినానండీ, మీకు ఇచ్చేది నా దగ్గర ఏమీ లేదు అన్నాడు.

బస్సులో పోయాను.

మార్చి 29

సిగ్నల్ దగ్గర బస్సు ఆగింది. స్కూల్ వ్యాన్‌లో పిల్లలు నన్ను గుర్తుపట్టి, గడ్డం కింద వేలు పెట్టి పైకి ఎత్తి చూపించారు. తెరువు, తెరువు అని.

ఏప్రిల్ 5

నిన్న తీగలు తీశారట. తిలకవతి పోయి చూసి వచ్చింది. ఎలా మాట్లాడుతున్నాడు అని అడిగాను. మెల్లగా అంది. నన్ను అడిగాడా అన్నాను. చారులో వేయడానికి కొత్తిమీర కోసం లేచింది.

ఏప్రిల్ 20. ఉదయం 10.40

మైక్ ఆటో మా వీధిలోకి వచ్చింది. వాడే. గొంతు కొంచెం పక్కకు పోతోంది, మాట చివర సన్నటి ఈల. చీరలు, ఇరవై శాతం తగ్గింపు.

మా ఇంటి ముందు ఆటో ఆగింది. అనౌన్స్‌మెంట్ ఆగింది. నాలుగిళ్లవాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు. నేను చెప్పులు వేసుకుని లోపలే నిలబడ్డాను.

మైకు ఆన్‌లోనే ఉంది. వీధంతా వాడి ఊపిరి వినిపించింది.

తర్వాత చీరలు.